గుర్రానికి ఆదివారం సెలవు లేదు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బందరులో జరిగిన సభలో మన సంఘం సీనియర్ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను గుమాస్తాగా చేరాను, గుమాస్తాగానే రిటైరయ్యాను. మధ్యలో ఎల్.డి.సి. అన్నారు, జూనియర్ అసిస్టెంటు అన్నారు, సీనియర్ అసిస్టెంటు అన్నారు. పేరు మారింది గానీ బల్ల మారలేదు, ఫైళ్ళూ మారలేదు. అందుచేత నాకు ఉపన్యాసం ఇవ్వడం చేతకాదు. నోటు పెట్టడం మాత్రం చేతనవును. మొన్న కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన జిల్లా చేతిపనులన్నీ ఒకచోట కనబడేటట్టు, జట్కా బళ్ళు మళ్ళీ తిరిగేటట్టు, పిల్లలు వచ్చి చూసేటట్టు ఒక చిన్న ఊరు కట్టాలని. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకరు తలా ఒక నెల పెన్షను ఇద్దామన్నారు. ఇంకొకరు శంకుస్థాపనకు ఎవర్ని పిలవాలో కూడా చెప్పేశారు. అధ్యక్షులు నవ్వి, నా వైపు చూసి, 'మీరు కాస్త పరిశీలించి చెప్పండి' అన్నారు. పరిశీలించాను. ఆఫీసు నోటులో మాదిరిగానే ముందు విషయం, తర్వాత పూర్వాపరాలు, ఆ తర్వాత అంచనా, చివరకు సిఫార్సు చెబుతాను.

విషయం ఏమిటంటే, ఇలాంటి ఊళ్ళను సజీవ గ్రామాలు అనుకోవచ్చు. మ్యూజియంలో బండి చక్రం అద్దాల వెనక ఉంటుంది, పక్కన చీటీ ఉంటుంది. సజీవ గ్రామంలో అదే చక్రాన్ని వడ్రంగి మన కళ్ళముందు చెక్కుతాడు, కమ్మరి పట్టా వేస్తాడు, సాయంత్రానికి అది రోడ్డు మీద దొర్లుతుంది. చూడవచ్చిన పిల్లవాడు ఉలి పట్టుకుని చూడవచ్చు. తేడా అంతే. కానీ ఆ తేడా వల్లే ఖర్చు పద్దు మొత్తం తారుమారవుతుంది. అది మీకు చెప్పడానికే నేను నిలబడ్డాను.

ఇక పూర్వాపరాలు. ఈ ఆలోచన కొత్తది కాదు. స్వీడన్ దేశంలో ఆర్తూర్ హజేలియస్ అనే ఆయన ఉండేవారు. భాషలు చెప్పే ఉపాధ్యాయుడు. ఫ్యాక్టరీలు వచ్చి పల్లెల్లో పాత ఇళ్ళూ, పాత పనులూ పోతున్నాయని బాధపడి, 1891లో స్టాక్‌హోం నగరంలో స్కాన్సెన్ అనే చోట దేశం నలుమూలల నుంచి పాత ఇళ్ళను విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు అక్కడ సుమారు 150 కట్టడాలున్నాయి. గాజు ఊదేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు పని చేస్తూ కనిపిస్తారు. తూర్పు ఐరోపాలో కొన్ని భాషల్లో ఇలాంటి ఊరు ఎక్కడున్నా దాన్ని 'స్కాన్సెన్' అనే పిలుస్తారు. ఒక బడిపంతులు మొదలుపెట్టిన పని మామూలు మాటగా మారిపోయింది.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ అనే పాత రాజధాని ఉంది. 1926లో అక్కడి చర్చి పాస్టరు గుడ్విన్ గారు, రాక్‌ఫెల్లర్ అనే కోటీశ్వరుణ్ణి ఒప్పించి ఆ ఊరిని రెండువందల ఏళ్ళ కిందట ఎలా ఉండేదో అలా తీర్చిదిద్దే పని మొదలుపెట్టించారు. దాదాపు 300 ఎకరాలు. ఈ రోజుకీ అక్కడ వీధుల్లో గుర్రపు బళ్ళు తిరుగుతాయి. నన్ను ఆకట్టుకున్నది బళ్ళు కాదు. అక్కడ కమ్మరి కొట్టిన మేకులు అక్కడి వడ్రంగి వాడతాడు. చక్రాల వడ్రంగి చేసిన చక్రాలు అక్కడి బళ్ళకే వెళతాయి. ఒక పని ఇంకొక పనికి గిరాకీ. కుర్రవాళ్ళు ఏళ్ళ తరబడి శిష్యరికం చేసి నేర్చుకుంటారు.

అంత డబ్బున్న సంస్థ కూడా 2017లో అప్పులూ నష్టాలూ తట్టుకోలేక కొన్ని వ్యాపారాలు బయటివారికి అప్పగించి, కొంతమంది ఉద్యోగులను తీసేయవలసి వచ్చింది. రాక్‌ఫెల్లర్ పునాది వేసిన ఊరికే ఆ గతి పట్టిందంటే, మన చందాల సంగతి ముందే ఆలోచించుకోవాలి.

మనకు దగ్గరలోకి వస్తాను. మద్రాసు నుంచి మహాబలిపురం వెళ్ళే దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది. 1996 డిసెంబరులో తెరిచారు. ప్రభుత్వం పెట్టింది కాదు, మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టింది. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను కూలగొట్టబోతుంటే కొని, దూలం దూలం విప్పి, ఆ పని తెలిసిన పాతకాలపు మేస్త్రీల చేతే మళ్ళీ కట్టించారు. మన తెలుగువాళ్ళ నేతగాడి ఇల్లు ఉంది, కోస్తా చుట్టిల్లు ఉంది. టిక్కెట్లు, పిల్లలకు చేతిపని తరగతులు, చేతివస్తువుల అమ్మకం, వీటి మీద ప్రతి నెలా కొంత రాబడి చూసుకుంటూ నడుస్తోంది.

హైదరాబాదులో శిల్పారామం 1992లో వచ్చింది. మనలో చాలామంది మనవలతో వెళ్ళి చూసే ఉంటారు. దేశమంతటి చేతిపనివారికి అక్కడ దుకాణాలు దొరికాయి, అది మంచి పని. అక్కడే గ్రామీణ మ్యూజియం ఒకటి ఉంది. కుమ్మరి, కమ్మరి, నేతగాడు నిలువెత్తు బొమ్మల్లో కనిపిస్తారు. చాలా బాగుంటాయి. నేను ఒక బొమ్మ పక్కన నిలబడి గుమాస్తా బుద్ధితో ఒకటే అనుకున్నాను. ఈ కుమ్మరికి జీతం అక్కర్లేదు, డి.ఏ. అక్కర్లేదు, జబ్బు చేయదు, రిటైరు కాడు. అందుకే ప్రభుత్వాలకు బొమ్మలంటే అంత ఇష్టం!

ఇక్కడ మన శాఖల భాషలో ఒక మాట చెప్పాలి. ఖర్చు రెండు రకాలు, రికరింగు, నాన్-రికరింగు. శంకుస్థాపన, కాంపౌండు గోడ, ఆర్చి, రంగులు, శిలాఫలకం ఇవన్నీ నాన్-రికరింగు. ఒకసారి పెడితే అయిపోతుంది, ఫోటో వస్తుంది. జీతం, దాణా, కరెంటు బిల్లు, మరమ్మతు ఇవి రికరింగు. వీటికి ఫోటో రాదు. నా సర్వీసులో ఒక ఊళ్ళో ఒక ఉద్యానవనం కట్టడం చూశాను. ఫౌంటెను కూడా పెట్టారు. ప్రారంభోత్సవానికి నీళ్ళు ఎగిరాయి. మరుసటి ఏడాది మోటారు కరెంటు బిల్లుకు పద్దు లేదు. రెండో వేసవికి చెట్లు ఎండిపోయాయి, మూడో ఏడు ఫౌంటెనులో ఎవరో గేదె దూడను కట్టేశారు. మీ మీ శాఖల్లో మీరూ ఇలాంటివి ఒకటీ రెండూ చూసే ఉంటారు. చెట్టు అయితే ఎండిపోయి ఊరుకుంటుంది. మనం పెట్టబోయేది గుర్రం. గుర్రానికి ఆదివారం సెలవు లేదు, రెండో శనివారం లేదు, సంక్రాంతి లేదు. బిల్లు ట్రెజరీలో ఆగిందని చెబితే వినదు. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని మన పెద్దలు ఊరికే అనలేదు.

జట్కా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన మనవలకు సినిమాల్లో తప్ప తెలియదు. నా చిన్నతనంలో, అంటే 1950ల చివర, 60లలో, బందరు స్టేషను బయట జట్కాలు బారులు తీరి ఉండేవి. రెండు చక్రాలు, ఒక గుర్రం, పైన గూడు. లోపల పచ్చగడ్డి పరిచి దాని మీద దుప్పటి వేసేవారు. ఆ గడ్డి మనకు పరుపు, సాయంత్రానికి గుర్రానికి మేత. ఎక్కగానే జట్కా సాయిబు 'పంతులుగారూ, కాస్త ముందుకు జరగండి' అనేవాడు. ఇంకొకరు ఎక్కితే 'మీరు వెనక్కి జరగండి' అనేవాడు. అది మన సుఖం కోసం కాదు. రెండు చక్రాల బండిలో బరువు వెనక్కి పోతే నొగలు పైకి లేచి గుర్రం పొట్ట కింది పట్టెడ బిగుస్తుంది. ముందుకు వస్తే బరువంతా గుర్రం వీపు మీద పడుతుంది. తూకం సరిగా ఉంటే గుర్రానికి లాగడమే తప్ప మోయడం ఉండదు. ఆ తూకం సాయిబు కంట్లోనే ఉండేది, కాటా అక్కర్లేదు.

ఆ బండి వెనక ఎంతమంది ఉండేవారో లెక్క వేసి చూడండి. చక్రం చేసే వడ్రంగి. మధ్యలో కుండ, దానికి సాధారణంగా పన్నెండు ఆకులు, రెండేసి ఆకులకు ఒకటి చొప్పున ఆరు పూటీలు. తుమ్మకర్ర బాగా ఆరాలి, పచ్చికర్రతో చేస్తే ఎండకు ముడుచుకుని ఆకులు వదులవుతాయి. తర్వాత కమ్మరి. ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కంటే ఒక పిసరు తక్కువగా చేస్తాడు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తాడు. నాలుగడుగుల చక్రం పట్టా అలా కాలినప్పుడు దాదాపు అంగుళం సాగుతుంది. పట్టుకార్లతో నలుగురు ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు గుమ్మరిస్తారు. ఆవిరి, పొగ, చప్పుడు! పట్టా ముడుచుకుని ఆకులూ పూటీలూ అన్నిటినీ కలిపి బిగించేస్తుంది. జిగురు లేదు, బోల్టు లేదు. ఇంజనీరింగు కాలేజీ పిల్లలు దీన్ని పుస్తకంలో చదువుతారు. మన కమ్మరి చదువుకోకుండా చేశాడు.

ఆ తర్వాత జీనూ, పగ్గాలూ, కళ్ళగంతలూ కుట్టే తోలుపనివారు. నాడాలు కొట్టేవాడు. గూటికి రంగులు వేసేవాడు. పొద్దున్నే గడ్డిమోపులు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు. ఉలవలు అమ్మే కొట్టు. సైకిలు రిక్షా వచ్చింది, దాని వెనక ఆటో వచ్చింది. రిక్షావాడికి దాణా పెట్టే బాధ్యత ఎవరికీ లేదు గనుక అది చవకయింది. జట్కా పోయిందని మనకు కనిపించింది. జట్కాతో పాటు ఎన్ని పొయ్యిలు ఆరాయో కనిపించలేదు.

బొంబాయిలో విక్టోరియా బళ్ళ కథ దీనికి మంచి ఉదాహరణ. గుర్రాలను సరిగా చూడడం లేదని కేసు పడితే, 2015 జూన్‌లో అక్కడి హైకోర్టు వినోదం కోసం తిప్పే ఆ బళ్ళు ఆపెయ్యమంది. 2021లో అదే ఆకారంతో బ్యాటరీ బళ్ళు వచ్చాయి. చూడ్డానికి విక్టోరియానే. గుర్రం బాధ తప్పింది, సంతోషం. కానీ నాడాలు కొట్టేవాడికీ, జీను కుట్టేవాడికీ అందులో పని లేదు. ఆకారం మిగిలింది, విద్య మిగల్లేదు. మనకు ఏది కావాలో ముందు తేల్చుకోవాలి.

ఇప్పుడు అంచనాకు వస్తాను. ధరలు ప్రతి ఏడూ మారతాయి కాబట్టి పరిమాణాలే చెబుతాను, రేట్లు మీరే వేసుకోండి. ఒక జట్కా తిప్పాలంటే రెండు గుర్రాలు ఉండాలి, ఒకటి పని చేస్తే ఒకటి విశ్రాంతి. మన జట్కా గుర్రం 300 కిలోల బరువు ఉందనుకుందాం. ఒంటి బరువులో సుమారు నూటికి రెండు వంతులు రోజూ ఎండుమేత లెక్కన తినాలి. అంటే 6 కిలోలు. రెండు గుర్రాలకు 12 కిలోలు. ఏడాదికి 4,380 కిలోలు, నాలుగు టన్నుల పైచిలుకు. నీళ్ళు ఒక్కొక్క దానికి రోజుకు 20 లీటర్లకు తక్కువ పనికిరాదు, వేసవిలో ఇంకా ఎక్కువ. నాడాలు ఆరు వారాలకోసారి మార్చాలి. రెండు గుర్రాలకు ఏడాదికి సుమారు 70 నాడాలు. పశువైద్యుడు, మందులు, రక్త పరీక్షలు వేరు. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికి కూడా వస్తుంది కాబట్టి పరీక్ష తప్పదు. కాపలాకూ, పోషణకూ ఒక మనిషి, ఆయన సెలవు పెడితే ఇంకొక మనిషి.

చట్టం కూడా ఉంది. బరువు లాగే జంతువుల గురించి కేంద్ర ప్రభుత్వం 1965లో నిబంధనలు చేసింది. రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. విశ్రాంతి లేకుండా ఏకధాటిగా ఐదు గంటలకు మించి లాగించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టరాదు. మన బందరు ఏప్రిల్, మే నెలలు తలచుకోండి. వేసవి సెలవుల్లో పిల్లలు వచ్చే సమయానికే మన జట్కా నీడన ఉంటుంది. ఉండాలి కూడా. ఆ మూడు గంటలూ గుర్రాన్ని ఎలా చూసుకోవాలో పిల్లలకు చూపిస్తే, అదీ పాఠమే.

ఇంకొక పద్దు ఉంది. అది ఈ సభలోనే చెప్పాలి. బాగా చూసుకున్న గుర్రం పాతికేళ్ళు, అంతకు మించి కూడా బతుకుతుంది. కానీ బండి లాగే ఓపిక అంతకాలం ఉండదు. ఆఖరి ఐదారేళ్ళు ఏం చేస్తాం? సంతకు తోలి అమ్మేస్తామా? డిసెంబరు 17న, పెన్షనర్ల సంఘం అధ్వర్యంలో, రిటైరైన గుర్రాన్ని అమ్మేశారని పేపర్లో పడితే మన మొహాలు ఎక్కడ పెట్టుకుంటాం? కాబట్టి గుర్రానికి పెన్షను పద్దు కూడా అంచనాలో కలిపాను. మీరు నవ్వినా సరే, అది తీసేయను.

నవ్వు వచ్చింది గనుక అసలు మాట ఇక్కడే చెబుతాను. ఈ రోజు మనం పండుగ చేసుకుంటున్నది ఎందుకు? 1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు హక్కుగా వచ్చేది అని తీర్పు చెప్పింది. ఆ ఒక్క మాట మీద మన మందులు, మన కాఫీ, మన మర్యాద నిలబడి ఉన్నాయి. మనల్ని స్టేషనుకు చేర్చిన జట్కా సాయిబుకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. మన పొలానికి బండి చేసిన వడ్రంగి చెయ్యి వణికే వయసులో కొడుకు మీద ఆధారపడ్డాడు, కొడుకు హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయాడు. ఇప్పుడు మనం ఊరు కడతామంటూ వెళ్ళి 'నీ కళను కాపాడతాం, ఆదివారం వచ్చి కూర్చో, ఏదైనా అమ్ముడుపోతే నీ అదృష్టం' అంటే అది కాపాడటం అవుతుందా? మనలో ఎవరైనా అలాంటి షరతు మీద ఉద్యోగం చేశామా? ఫైళ్ళు కదిలిన రోజునే జీతం అంటే మన ఇళ్ళు గడిచేవా?

అందుచేత మొదటి షరతు ఇది. ఆ ఊళ్ళో కూర్చుని పనిచేసే ప్రతి మనిషికీ, వస్తువు అమ్ముడుపోయినా పోకపోయినా, వాన వచ్చి ఎవరూ రాకపోయినా, రోజు కూలి హక్కుగా చెల్లాలి. అది ఇవ్వలేని రోజున ఆ ఊరు మూసెయ్యాలి. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో వడ్రంగం, కమ్మరం, కుమ్మరం, బొమ్మల తయారీతో సహా 18 పనులున్నాయి. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారని రాశారు. మనవాళ్ళలో అర్హులైన వారి చేత దరఖాస్తులు పెట్టించడం మన పని. ఫారాలు నింపడంలో మనల్ని మించినవాళ్ళు ఎవరున్నారు?

రెండో షరతు, నిజం చెప్పాలి. పాత ఊరు అనగానే మనకు వేపచెట్టు, రచ్చబండ, అరిసెలు గుర్తుకొస్తాయి. పాత ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడ ఉండేదో, ఎవరు ఏ బావిలో నీళ్ళు తోడుకోకూడదో కూడా ఉండేది. విలియమ్స్‌బర్గ్‌లో ఆ కాలపు జనాభాలో సగానికి పైగా నల్లజాతి బానిసలే. అయినా చాలా ఏళ్ళు దొరల ఇళ్ళే చూపించారు. 1979 నుంచి బానిసల బతుకును కూడా నటులతో చెప్పించడం మొదలుపెట్టారు. మనం ఆ ఆలస్యం చేయనక్కర్లేదు. తోలుపని చేసే ఆయన షెడ్డు ఊరి చివర కాకుండా గుర్రపుశాల పక్కనే, నడిమధ్యలో ఉండాలి. ఏ పనైనా ఏ ఇంటి పిల్లలైనా, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, ఇష్టపడితే నేర్చుకోవచ్చు. ఆ కులంలో పుట్టాడు గనుక ఆ పనే చేయాలని ఎవరితోనూ అనకూడదు. వడ్రంగి కొడుకు ఇంజనీరు కావాలనుకుంటే కానివ్వండి. అతని స్థానంలో తహసీల్దారు మనవరాలు ఉలి పడితే తప్పేముంది?

ఇక మన చుట్టూ ఏం మిగిలి ఉన్నాయో చూద్దాం. మనకు అన్నీ పోలేదు. పక్కనే పెడనలో కలంకారీ ఉంది. కరక్కాయ నీళ్ళలో తడిపిన బట్ట, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నలుపు, చెక్కిన టేకు అచ్చులు, పారే నీళ్ళలో ఉతుకు, అన్నీ కళ్ళతో చూడదగ్గవి. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు మన ఊరివే. 2022లో జిల్లాలు విడిపోయాక కొండపల్లి పక్క జిల్లాలోకి వెళ్ళింది గానీ దూరమైపోలేదు. తెల్లపొణికి కర్ర, చింతగింజల పిండితో చేసే మక్కు, ఆ ఎడ్లబండి బొమ్మ మన ఇళ్ళల్లో బొమ్మల కొలువులో లేనిదెక్కడ? ఏటికొప్పాక లక్క బొమ్మలకు సహజ రంగులు మళ్ళీ తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. వాటికి కొనేవాళ్ళున్నారు. అందుకే బతికాయి. చక్రాల వడ్రంగికీ, నాడాలు కొట్టేవాడికీ కొనేవాళ్ళు లేరు. వాళ్ళకే మన అవసరం ఎక్కువ, వాళ్ళ దగ్గరే సమయం తక్కువ.

కనుక నా సిఫార్సు. శంకుస్థాపన వద్దు. నెల పెన్షను చందా ఇప్పుడు వద్దు. మూడు దశల్లో వెళదాం. ముందు చక్రం, తర్వాత బండి, ఆఖరున గుర్రం.

మొదటి ఏడాది ఒక రిజిస్టరు తెరుద్దాం. జిల్లాలో బండి చక్రం చేయడం తెలిసినవారు, పట్టా వేయడం తెలిసినవారు, జీను కుట్టినవారు, గుర్రాలకు నాడాలు కొట్టినవారు, జట్కా తోలినవారు ఎవరెవరున్నారు, వయసెంత, పనిముట్లు ఉన్నాయా, నేర్పడానికి ఇష్టమేనా, ఇవన్నీ అందులో రాద్దాం. వాళ్ళు చెప్పేది మన పిల్లల ఫోన్లలో వీడియో తీయిద్దాం. దీనికి బస్సు చార్జీలు తప్ప ఖర్చు లేదు. ఇది ఆలస్యం చేస్తే మాత్రం డబ్బుతో తిరిగి రాదు. ఈ పని తెలిసినవారు చాలామంది మనకంటే పెద్దవాళ్ళు.

రెండో ఏడాది, నెలకొక ఆదివారం, అనుమతి తీసుకుని ఏదైనా బడి ఆవరణలో పనుల సంత పెడదాం. అక్కడ ఒక జట్కాను అందరి ముందూ కొత్తగా తయారు చేయిద్దాం. ఒక నెల కుండ, ఇంకో నెల ఆకులు, ఇంకో నెల పట్టా. బండి తయారయ్యే తీరే చూడ్డానికి వింత. ఇద్దరు కుర్రవాళ్ళు పక్కన కూర్చుని నేర్చుకుంటారు. వచ్చినవారందరికీ రోజు కూలి ఇచ్చి, ఆ లెక్క బోర్డు మీద రాసి పెడదాం.

మూడో ఏడాది, మనం పోగుచేసిన సొమ్ము బ్యాంకులో డిపాజిట్టు వేస్తే, దాని వడ్డీతో దాణా, నాడాలు, మనిషి జీతం, గుర్రం పెన్షను, ఇవన్నీ గడుస్తాయని మన ఆడిటర్లు సంతకం పెడితే, అప్పుడు గుర్రాన్ని తెద్దాం. సంతకం పెట్టకపోతే తేవద్దు. బండిని నిలబెట్టి ఉంచుదాం, ఎవరికీ నష్టం లేదు. స్థలం, షెడ్లు, ఆర్చి గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మనకు చేతనవుతుందా అని కొందరు అడగవచ్చు. ఈ హాల్లో ఎవరున్నారో ఒకసారి చుట్టూ చూడండి. పి.డబ్ల్యు.డి. డ్రాఫ్టుమన్లు ఉన్నారు, చక్రం కొలతలు కాగితం మీదికి ఎక్కించడం వాళ్ళ పని. పశుసంవర్ధక శాఖవాళ్ళున్నారు, గుర్రం పళ్ళు చూసి వయసు చెప్పగలరు. రెవెన్యూవాళ్ళున్నారు, ఏ స్థలం అడంగలు ఏమిటో చెప్పగలరు. ట్రెజరీ, ఆడిట్ వాళ్ళున్నారు, వోచరు లేనిదే రూపాయి కదలనివ్వరు. టీచర్లున్నారు, పిల్లలను కూర్చోబెట్టి కథ చెప్పగలరు. అమ్మలున్నారు, ఉలవలు ఎలా నానబెట్టాలో, ఎలా ఉడకబెట్టాలో నన్ను అడిగితే ఏం లాభం, వారినే అడగాలి. ముప్పై, ముప్పై ఐదు ఏళ్ళు ప్రభుత్వం మనకు నేర్పిన పని ఒక్కటే, రోజు తప్పకుండా హాజరవ్వడం, రాసి పెట్టడం, లెక్క చూపడం. శిల్పకళ మన దగ్గర లేదు. ఆ కళకు రోజూ తోడుండవలసిన ఓపిక మాత్రం ఉంది.

కాబట్టి సభవారిని ఒక్క తీర్మానం కోరుతున్నాను. సజీవ గ్రామం ప్రతిపాదనను సూత్రప్రాయంగా ఆమోదిస్తూ, మొదటి దశ కింద రిజిస్టరు తెరవడానికి ఐదుగురితో ఉపసంఘం వేయాలి. అందులో కనీసం ఇద్దరు మహిళలుండాలి. రిజిస్టరు నేను కొని తెచ్చాను, 200 పేజీలది. పేజీలకు నంబర్లు కూడా వేశాను. మొదటి పేజీ ఖాళీగా ఉంది. మీలో ఎవరికైనా ఒక్క వడ్రంగి పేరు, ఒక్క కమ్మరి పేరు, ఒక్క జట్కా తోలిన మనిషి పేరు తెలిసినా, టిఫిను చేసి వెళ్ళేలోపు నా దగ్గరికి వచ్చి రాయించండి.